తాపీ పట్టడానికి అమెరికా దాకా

అమెరికాలో రెండేళ్ల డిగ్రీ ఇచ్చే కమ్యూనిటీ కాలేజీలో ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం), ఆర్కియాలజీ (పురావస్తు శాస్త్రం) చదవడం వృథాయేనా అని కొందరు అడిగారు. కాదు. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక కాలిఫోర్నియాలో ఆ రెండూ చదివాను కాబట్టి చెబుతున్నాను.

మొదటి వారమే కాలేజీ వెనక మట్టి పోసి తయారుచేసిన ఉత్తుత్తి తవ్వకం దగ్గరికి తీసుకెళ్లారు. మీటరు చదరానికి దారం కట్టి చేతికి తాపీ ఇచ్చారు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఇక్కడి పురావస్తువాళ్లు అంత మోజుపడే మార్షల్‌టౌన్ తాపీ అసలు మేస్త్రీల కోసం చేసిందే. మా నాన్న తెనాలిలో నలభై ఏళ్లు తాపీ మేస్త్రి.

ఆ ధీమాతో గబగబా జానెడు లోతు దించేశాను. టీచరమ్మ వచ్చి, "మట్టి రంగు మారింది, చూశారా?" అన్నారు. చూడలేదు. పొయ్యికి గుర్తుగా పరిచిన నల్లటి పొర సగం అప్పటికే నా బకెట్లో ఉంది. తాపీతో పొడవకూడదు, అంచుతో పలచగా గీరాలి. రంగు మారితే మన్‌సెల్ పుస్తకంలోని రంగు ముక్కల పక్కన మట్టిని పెట్టి చూడాలి, మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు గుడ్డ కలిపి చూసినట్టు. గోతి గోడలు మాత్రం క్లాసు మొత్తంలో నావే నిట్టనిలువుగా వచ్చాయి. రక్తం ఎక్కడికి పోతుంది!

ఫీజు రాష్ట్రవాసులకు యూనిట్‌కు 46 డాలర్లు, అంటే మూడు యూనిట్ల క్లాసుకు 138. పాఠ్యపుస్తకం దానికంటే ఎక్కువ. అదో దోపిడీ. అంతకన్నా విసుగు మనవాళ్ల విందుల్లో. "డేటా సైన్స్ చేయవచ్చు కదండీ" అని పళ్లెం పట్టుకునే సలహా ఇస్తారు. వాళ్లే శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి ఎమరీవిల్‌లో బే స్ట్రీట్ మాల్‌కు షాపింగుకు వెళ్తారు. అక్కడి వీధికి షెల్‌మౌండ్ అని పేరెందుకో ఒక్కరూ అడగరు. ఆరేళ్లు నేనూ అడగలేదు. ఇక్కడి ఆదివాసులైన ఒలోనీల పూర్వీకుల సమాధులున్న పెద్ద ఆల్చిప్పల దిబ్బ అది. 1902లో మాక్స్ ఊలె అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వాడు, 1924లో చదును చేసేశారు. ఇప్పుడు దాని మీద బట్టల కొట్లు. ఇలాంటి దిబ్బలు శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ 400కు పైగా ఉన్నట్టు నెల్సన్ అనే ఆయన గత శతాబ్దం మొదట్లోనే లెక్కపెట్టాడు.

ఉద్యోగమంటారా, రెండేళ్ల డిగ్రీతో కష్టం. నిర్మాణాలకు ముందు నేల తవ్వి చూసే సంస్థలు మామూలుగా నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. ఇక్కడి యూనిట్లతో యూనివర్సిటీకి మారండి.

ఆ మొదటి తవ్వకం రోజు రాత్రి నాన్నకు వీడియోలో తాపీ చూపించాను. "ఏమి దొరికిందమ్మా?" అన్నాడు. కాలేజీవాళ్లే పాతిపెట్టిన కుండపెంకులని చెప్పాను.

"వాళ్లే పాతి, వాళ్లే తవ్విస్తారా? కూలి ఎంత?"

"మనమే కట్టాలి నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తాపీని కెమెరాకు దగ్గరగా పెట్టమన్నాడు, అంచు చూడాలట.