1986 కేటలినా 30కి ఎంత ఆఫర్ చేయొచ్చు? నా లెక్క ఇదీ

మీరు అడిగింది క్లుప్తంగా: అమెరికాలోని అన్నాపొలిస్‌లో 1986 నాటి కేటలినా 30 సెయిల్ బోటు చూశారు, 14,900 డాలర్లు చెబుతున్నారు. యూనివర్సల్ డీజిల్ ఇంజిన్ ఉంది, తెరచాపలు "పర్లేదు". స్టాండింగ్ రిగ్గింగ్, అంటే మాస్ట్ అనే తెరచాప కంబాన్ని నిలబెట్టే స్టీలు తీగలు, ఎప్పుడు మార్చారో కాగితం లేదు. మాస్ట్ దగ్గర డెక్ (బోటు పైతలం) ఒకచోట మెత్తగా ఉందని యజమానే ఒప్పుకున్నాడు. కొత్త కుషన్లు, కొత్త చార్ట్‌ప్లాటర్ (నీటి దారి మ్యాపు చూపే తెర) వేయించాడు. పది శాతం తగ్గించి అడగాలా, ఇరవై శాతమా, మరీ తక్కువ అడిగితే ఆయన నొచ్చుకుంటాడా అని మీ టెన్షన్.

ముందు ఆ శాతాలు వదిలేయండి. 14,900 అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. యజమాని నెట్‌లో నాలుగు ప్రకటనలు చూసుంటాడు, తను పెట్టిన ఖర్చులు గుర్తు చేసుకుని ఉంటాడు, బేరానికని ఇంకాస్త కలిపి ఉంటాడు. అందులోంచి మీరు ఎంత శాతం కోసినా మీ లెక్కకి ఆధారం ఆయన ఊహే. ఇదే మోడల్, బాగున్న బోటు, ఈమధ్య నిజంగా ఎంతకి అమ్ముడుపోయిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

ఈ విషయంలో మీరు అదృష్టవంతులే. కేటలినా 30ని 1974 నుంచి 2008 దాకా తయారు చేశారు, ఆరు వేలకు పైగా బోట్లు నీళ్లలోకి దిగాయి. అన్నాపొలిస్‌ని ఆనుకుని ఉన్న చెసపీక్ బే అనే అఖాతంలో ఏ మెరీనాకి, అంటే బోట్లు కట్టేసే రేవుకి, వెళ్లినా ఒకటో రెండో కనబడతాయి. నేను కొన్నది కూడా ఇదే, 1984ది, అన్నాపొలిస్‌లోనే. ఇంత వయసు వచ్చాక 84కీ 86కీ ధరలో తేడా ఏమీ ఉండదు. పరిస్థితికే ధర. ప్రకటనల్లో కనిపించేవి అడిగే ధరలు, అమ్ముడైన ధరలు బ్రోకర్ల దగ్గర ఉండే డేటాబేస్‌లో ఉంటాయి. "గత రెండేళ్లలో ఈ బేలో అమ్ముడైన 1983–88 కేటలినా 30ల ధరలు ఇవ్వండి" అని సూటిగా అడగండి. మంచి బ్రోకరైతే ఇస్తాడు. నసిగితే, సర్వేకి, అంటే కొనే ముందు బోటుని పరీక్షించడానికి, మీరు పెట్టుకోబోయే సర్వేయర్‌ని అడగండి, ఆయనకి మార్కెట్ బాగానే తెలిసి ఉంటుంది.

ఆ ధర చేతికొచ్చాక తీసివేతలు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. రిగ్గింగ్‌కి ఇంత, తెరచాపలకి ఇంత, ఇంజిన్‌కి ఇంత అని రాసుకుంటూ పోతే ఏ పాత బోటు విలువైనా సున్నా కిందికి దిగిపోతుంది. ఈ సైజు బోటుకి కొత్త డీజిల్ ఇంజిన్ బిగించాలంటేనే పదిహేను వేల డాలర్లు దాటొచ్చు. పావలా కోడికి ముప్పావలా మసాలా. మీరు పోల్చుకుంటున్న బోట్లలో కూడా అన్నీ కొత్తవి ఉండవు కదా. కాబట్టి ఆ సగటు బోటు కంటే ఇది ఎక్కడ అధ్వాన్నంగా ఉందో, అంతమేరకే తీసేయాలి.

రిగ్గింగ్ దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. స్టెయిన్‌లెస్ తీగ పైకి తళతళ మెరుస్తూనే ఉంటుంది. కానీ ఆ లోహాన్ని కాపాడే పొర నిలవాలంటే గాలి తగలాలి. తీగలు బిగించడానికి డెక్‌లోంచి కిందికి దిగే చెయిన్‌ప్లేట్లు, తీగ చివర నొక్కి బిగించిన ఫిట్టింగులు, ఇలా తడి చేరి గాలి ఆడని సందుల్లో తుప్పు లోపల్లోపలే తినేస్తుంది. అందుకే పదీ పదిహేనేళ్లు దాటిన రిగ్గింగ్ అంటే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు మార్చమంటాయి. ఇన్సూరెన్స్ లేకపోతే చాలా మెరీనాల్లో చోటు దొరకదు. కాగితం లేదంటే పాతదనే లెక్క. నా బోటుకి యార్డు (బోట్లు బాగుచేసే చోటు) ఇచ్చిన కొటేషన్ 4,200. సగటు బోటుకి రిగ్గింగ్ సగం కంటే తక్కువ వయసులో ఉంటుందనుకుంటే మీరు ఒక 2,500 తీసేయడం న్యాయమే.

డెక్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అది రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్క పెట్టి చేసింది. ఎక్కడో ఒక స్క్రూ రంధ్రంలోంచి నీళ్లు దిగుతాయి, చెక్క కుళ్లుతుంది, కాలు పెడితే మెత్తగా అనిపిస్తుంది. బాగు చేయాలంటే పై పొర కోసి, కుళ్లింది తవ్వి తీసి, కొత్త చెక్క పెట్టి మళ్లీ మూయాలి. సామాను చవకే, కూలి కాదు. ఇక్కడ యార్డులు గంటకి వంద డాలర్ల పైనే తీసుకుంటాయి. "ఒకచోట మెత్తగా" అంటే అరచేయంతా, చాపంతా అన్నది తేలాలి.

తెరచాపలు సాగిపోయి ఉన్నా బేలో సరదాగా తిరగడానికి రెండు మూడు సీజన్లు వస్తాయి, ఒక 500 తీయండి చాలు. కొత్త కుషన్లకి, చార్ట్‌ప్లాటర్‌కి మాత్రం ఒక్క డాలరు కూడా పెంచొద్దు. అమ్మేవాళ్లు ముందు చూపించేది అవే, ఎందుకంటే ఫోటోల్లో బాగా పడతాయి.

ఇంజిన్ డీజిల్ కావడం మీకు కలిసొచ్చే విషయం. ఈ మోడల్ తొలినాళ్ల బోట్లలో అటామిక్ 4 అనే పెట్రోల్ ఇంజిన్ ఉండేది. పెట్రోల్ ఆవిరి బోటు అడుగున చేరితే ప్రమాదం, కొనేవాళ్లూ వెనకాడతారు. తర్వాత వచ్చిన యూనివర్సల్ డీజిల్‌లో ఉన్నది కుబోటా ఇంజినే, బోటుకి తగ్గట్టు మార్చారంతే. అవును, మన కోస్తా చేలల్లో నాట్లు వేసే యంత్రాల మీద పేరు కనబడుతుందే, ఆ కుబోటానే. ఆయిల్ వేళకి మార్చుకుంటే మొండిగా పనిచేస్తుంది. వైరింగ్ మధ్యలో ట్రైలర్లకి వాడే రకం ప్లగ్గులు ఉన్నాయేమో చూడండి. అవి తుప్పుపట్టి వేడెక్కి కరుగుతాయి, మార్చడం పెద్ద ఖర్చేం కాదు.

ఆఫర్ రాసే ముందు ఒక పూట బోటు మీద గడపండి. యజమాని ఒప్పుకుంటే ప్లాస్టిక్ తలకాయ ఉన్న చిన్న సుత్తి తీసుకుని డెక్ అంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్నచోట టక్‌మని పలుకుతుంది, కుళ్లినచోట దబ్‌మని మూగగా వస్తుంది. శబ్దం మారినచోటల్లా నీలం రంగు మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి. నేను చూసిన బోటులో మాస్ట్ మొదట్లో మొదలైన టేప్ ముక్కలు ఎడమవైపు రెయిలింగ్ దాకా పాకాయి. యజమాని కాఫీ కప్పు పట్టుకుని వచ్చి వాటిని చూస్తూ నిలబడ్డాడు. నేనేమీ అనలేదు, ఒక ఫోటో తీసుకున్నానంతే. తర్వాత బేరంలో డెక్ గురించి వాదన రానే లేదు.

తర్వాత లోపలికి దిగి, మాస్ట్ కింద ఉండే స్తంభం దగ్గర నేల పలక ఎత్తండి. ఈ మోడల్‌లో మాస్ట్ డెక్ మీదే నిలబడుతుంది. బరువంతా లోపలి స్తంభం గుండా అడుగున ఉన్న చెక్క దిమ్మె మీదికి వస్తుంది. బోటు అడుగున చేరే బిల్జ్ నీళ్లలో నాని నాని ఆ దిమ్మె కుళ్లుతుంది, మాస్ట్ కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. టాయిలెట్ తలుపు పట్టేసి సరిగా పడకపోతే అనుమానించాల్సింది ముందు దీన్నే. దబ్బనంతో పొడిచి చూస్తే తెలిసిపోతుంది. బోటు కింద ఉండే కీల్ ముందువైపు, దాని సీసపు బరువు బోటు పొట్టకి కలిసేచోట అడ్డంగా పగులు ఉందేమో బోటు నీళ్లలోంచి పైకి తీసినప్పుడే కనబడుతుంది. ఈ బోట్లలో ఇది ఎంత మామూలంటే దానికి కేటలినా స్మైల్ అని పేరే పెట్టారు. సన్నగా ఉంటే కంగారు లేదు. తడి కారుతుంటే, తుప్పు రంగు కనబడితే కీల్ బోల్టుల గురించి సర్వేయర్‌ని గట్టిగా అడగండి.

ఇక యజమాని నొచ్చుకోవడం. కొందరు నొచ్చుకుంటారు, నిజమే. నాది కొనడానికి ముందు అటామిక్ 4 ఉన్న 1979 బోటుకి 4,000 ఇస్తానన్నాను. అటువైపు నుంచి జవాబే లేదు. ఆ చలికాలమంతా ఆయన యార్డుకి అద్దె కట్టి, మరుసటి వేసవిలో దాన్ని ఒక చారిటీకి ఇచ్చేశాడని తెలిసింది. పాత బోటు ఊరికే ఉన్నా డబ్బు తింటుంది, వదిలించుకోవడానికీ డబ్బు కావాలి. ఆ సంగతి మీ బోటు యజమానికీ తెలియాల్సిన టైముకి తెలుస్తుంది, మీరు చెప్పక్కర్లేదు.

నాది ఎలా కుదిరిందంటే, చెప్పిన ధర 13,500. నేను 8,800కి ఆఫర్ రాసి, కింద నాలుగు లైన్లలో కారణాలు పెట్టాను: ఈమధ్య అమ్ముడైన మూడు బోట్ల ధరలు, రిగ్గింగ్ కొటేషన్, డెక్ ఫోటో. బోటుని ఒక్క మాట కూడా తక్కువ చేసి మాట్లాడలేదు. పిల్లల్ని ఆ బోటు మీదే పెంచిన మనిషి, ఆయన దగ్గర సంతబేరం ఆడితే పని జరగదు. బ్రోకర్ "ఆయన జవాబు కూడా ఇవ్వడు" అన్నాడు. జవాబు వచ్చింది, 11,500 అని. చివరికి 10,200 దగ్గర ఆగాం, సర్వే షరతు మీద. సర్వేలో ఆ చెక్క దిమ్మె కుళ్లిందని, నీటి పైపులు మూసే రెండు గేట్ వాల్వులు బిగుసుకుపోయాయని తేలింది. వాటికే 900 తగ్గించమన్నాను, తగ్గించారు. డెక్ తడి మీటర్‌లో భయంకరంగా చూపించింది కానీ దాన్ని ముందే లెక్కలో వేసుకున్నాం కాబట్టి మళ్లీ ఎత్తలేదు. తెలిసిన లోపాన్ని రెండుసార్లు అమ్ముకోవాలని చూస్తే అవతలివాళ్లు అక్కడితో లేచిపోతారు.

ఆఫర్ కాగితం మీద ఉండాలి. సర్వే, సీ ట్రయల్ (బోటుని నీళ్లలో నడిపి చూడటం), ఇన్సూరెన్స్ దొరకడం, ఈ మూడూ మీకు తృప్తిగా జరిగితేనే కొంటానని రాయాలి. అడ్వాన్స్ సాధారణంగా పది శాతం, బేరం తేలేదాకా ఎవరూ ముట్టని బ్రోకర్ ఎస్క్రో ఖాతాలో పెడతారు. సర్వేయర్‌కి బోటు పొడవులో అడుగుకి పాతిక డాలర్ల చుట్టూ, బోటు పైకి ఎత్తినందుకు యార్డుకి కొన్ని వందలు, రెండూ కొనేవాడి నెత్తినే. పదివేల బోటుకి సర్వే దండగేమో అనిపిస్తుంది, కానీ ఇంత పాత బోటుకి ఇన్సూరెన్స్ వాళ్లు ఎలాగూ అడుగుతారు. యార్డుకి, మెరీనాకి పాత యజమాని బాకీ ఉంటే ఆ బాకీ బోటుతో పాటే మీకు వచ్చిపడొచ్చు. కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ ఉన్న బోటైతే అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్ (బోటు యాజమాన్యం, దాని మీది అప్పుల చరిత్ర చూపే కాగితం) తెప్పించుకుని చూడండి, మెరీనా ఆఫీసులో కూడా ఒక మాట కనుక్కోండి. అన్నాపొలిస్ ఉన్న మేరీల్యాండ్ రాష్ట్రం ఎక్సైజ్ టాక్స్ 5 శాతం వేరే. మొదటి ఏడాది చోటు అద్దె, ఇన్సూరెన్స్, బోటు అడుగున వేసే రంగు, రిపేర్లు కలిపితే నాకు బోటు ధరకి దాదాపు సమానమైంది. చేతిలో ఉన్నదంతా కొనడానికే పెట్టేయకండి.

టైము కూడా చూసుకోండి. అక్టోబర్‌లో అన్నాపొలిస్ బోట్ షో అయిపోయాక చాలామంది బోట్లు పైకి తీయిస్తారు, చలికాలం స్టోరేజ్ బిల్లు కళ్ల ముందుంటుంది. అప్పుడు వినే మాట ఏప్రిల్‌లో వినరు.

మీ బోటుకి నా లెక్క: ఇలాంటివి బాగున్నవి 13,500 దగ్గర పోతున్నాయని తేలిందనుకుందాం. రిగ్గింగ్‌కి 2,500, డెక్‌కి 1,500, తెరచాపలకి 500 తీస్తే 9,000. నేనైతే 8,500 రాసి, 9,500 దాటను. టేప్ ముక్కలు మాస్ట్ దగ్గరే ఆగితే ఇది వర్తిస్తుంది. డెక్ సగం దాకా పాకితే ఇంకో బోటు చూసుకోవడం మేలు. అమ్ముడైన ధరలు వేరేగా వస్తే పై అంకె మార్చి ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

సీ ట్రయల్ రోజు మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని బ్రోకర్‌కి ముందే ఈమెయిల్ పెట్టండి. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూస్తేనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ మండుతున్నట్టు. వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతుండొచ్చు, లేదా డీజిల్ సరిగా మండట్లేదు. ఫుల్ థ్రాటిల్‌లో నల్లగా కక్కుతుంటే భారం ఎక్కువై లాగలేకపోతోంది. బోటు ఎక్కగానే ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే, ఆ రోజుకి ట్రయల్ వద్దని చెప్పి ఇంకో తేదీ అడగండి.