కుక్కను ఎత్తుకుపోయినవారు డబ్బు అడిగితే

మీ ల్యాబ్రడార్‌ను పెరట్లోంచి ఎవరో ఎత్తుకుపోయారనీ, కొంత డబ్బు పంపితే తిరిగి ఇస్తామని ఒక వ్యక్తి ఫోన్ చేస్తున్నాడనీ రాశారు. కుక్కను కళ్లారా చూడకుండా ఒక్క పౌను కూడా పంపకండి. ముందు ఈ మాట గుర్తుంచుకోండి, మిగిలిన సలహాలన్నీ ఆ తరువాతే.

నేను ఇంగ్లండుకు వచ్చిన కొత్తలో, దుకాణం ముందు కట్టిన నా కుక్కను ఎవరో విప్పుకొని పోయారు. అత్యవసరం కాని విషయాలకు పోలీసులను పిలిచే 101 నంబరుకు ఫోన్ చేసి కుక్క కనిపించడం లేదని మాత్రమే చెప్పడంతో, పోలీసులు దానిని తప్పిపోయిన జంతువుగా రాసుకుని, వీధి కుక్కల సంగతి చూసే స్థానిక కౌన్సిల్‌ను అడగమన్నారు. తీసుకుపోతుండగా చూసిన మనిషి ఉన్నాడనీ, ఇది దొంగతనమేననీ మరునాడు గట్టిగా చెప్పిన తరువాతే నేరం నమోదైనట్టు చూపే క్రైమ్ రెఫరెన్స్ నంబరు ఇచ్చారు. మీరు మొదటి మాటలోనే దొంగతనమని చెప్పండి. కౌన్సిల్‌కూ తెలియజేయండి, వారికి దొరికిన కుక్కను యజమాని కోసం ఏడు రోజులు ఉంచాలి.

అసలు నష్టం డబ్బు దగ్గర జరిగింది. ఎంత బహుమానం ఇస్తానో అంకెతో సహా పోస్టర్ల మీద వేయించాను. ఆ రాత్రి నుంచే ఫోన్లు మొదలయ్యాయి. ఒకడు కుక్క చెవి మీది మచ్చ గురించి చెప్పేసరికి నమ్మేశాను. ఆ మచ్చ నేను అతికించిన ఫోటోలోనే కనిపిస్తున్నదన్న ఆలోచన రాలేదు. ఇంటికి పంపడానికి దాచిన సొమ్ములోంచి అడిగినంతా బదిలీ చేశాను. ఆ నంబరు మళ్లీ పలకలేదు. కొత్తగా వచ్చినవారు అవతలివాడు గడగడా ఇంగ్లీషు మాట్లాడితే ఇట్టే లొంగిపోతారు, మీకూ ఆ బెరుకు ఇంకా పోలేదని మీ ఉత్తరమే చెబుతోంది. అందుకే ఒక గుర్తును పోస్టర్లలో ఎక్కడా చూపకుండా దాచుకోండి. ఫోన్ చేసినవాడిని దాని గురించి అడగండి. వాడి నంబరునూ, సందేశాలనూ పోలీసులకు ఇవ్వండి. కలవాలంటే వారికి తెలియకుండా వెళ్లకండి. బహుమానం ప్రకటిస్తే అది ఎంతో రాయకండి. ‘ఏ ప్రశ్నలూ అడగము’ అని అసలే రాయకండి, 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ (దొంగతనాల చట్టం) ప్రకారం అలా ప్రకటించడమే నేరం.

నా కుక్కను తిరిగి తెచ్చింది ఆ డబ్బు కాదు, దాని చర్మం కింద పెట్టించిన మైక్రోచిప్. ఇల్లు మారినా, ఆ చిప్ నంబరుతో యజమాని వివరాలు నమోదయ్యే డేటాబేస్‌లో పాత చిరునామానే ఉండిపోయింది. దానిని సరిచేయించి, కుక్క దొంగతనానికి గురైందని గుర్తు పెట్టించాను. చాలా కాలానికి, తెలియక కొనుక్కున్న ఒక కుటుంబం దానిని టీకా కోసం వేరే ఊరి పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లగా, అక్కడ స్కాన్‌లో నా పేరు వచ్చింది. వారు ఇవ్వడానికి ఇష్టపడలేదు. చిప్ నమోదు ఒక్కటే యాజమాన్యానికి రుజువు కాదు కనుక, కొన్న రసీదు, వైద్యుడి బిల్లులు, పిల్లగా ఉన్నప్పటి నుంచి తీసిన ఫోటోలు అన్నీ పట్టుకుని వెళ్లాను. దొంగ సొత్తని తెలియక కొన్నా అది కొన్నవారి సొంతం కాదు. మనవారంటూ ఒక్కరూ లేని ఊళ్లో ఈ వ్యవహారమంతా ఒక్కడినే నడిపి నెగ్గుకొచ్చాను. కాగితాలు చేతిలో ఉంటే మీరూ నెగ్గగలరు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, వివరాలు ప్రభుత్వ పేజీలలో చూసుకోవచ్చు. ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో పెంపుడు జంతువుల అపహరణ చట్టం 2024 ఆగస్టు 24 నుంచి అమలులో ఉంది. శిక్ష అయిదేళ్ల వరకు ఉండవచ్చు.

ఇక మళ్లీ డబ్బు విషయమే. మీకు పెట్ ఇన్సూరెన్స్ ఉంటే ఈ రోజే కంపెనీకి ఫోన్ చేయండి. ప్రకటనల ఖర్చునూ బహుమానాన్నీ భరించే పాలసీలు చాలా ఉన్నాయి, కానీ సాధారణంగా ముందుగా వారి అంగీకారం తీసుకోవాలి. కాబట్టి వారితో మాట్లాడేదాకా పోస్టర్లలో బహుమానం ఊసు ఎత్తకండి.