పాళెగాని బంటు తుపాకికి ఏ నగిషీ తగును?

ప్రశ్న: మా నాటక సమాజం ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు కథను ప్రదర్శించబోతోంది. అందుకోసం మూతి నుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకి నమూనాను టేకుతో చేయిస్తున్నాము. ఫొటోలలో చూసిన అమెరికా పాత తుపాకుల మీద వలె ఇత్తడి నక్షత్రాలు, హృదయాకారాలు పొదిగించవచ్చునా? లేనిచో ఏ జానపద కళ నప్పుతుంది?
– ఒక పాఠకుడు, ఉదయగిరి

జవాబు: పొదిగించవద్దనే మా సలహా. మీరు చూసినవి పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ వలసదారుల సంప్రదాయానికి చెందినవి. 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది ఆరంభంలో అక్కడి పనివారు మేపుల్ కర్ర మీద ఇత్తడిని, వెండిని పొదిగి ఆ పొడవాటి తుపాకులను చేశారు. ఆ నక్షత్రాలు, హృదయాకారాలు వారి ఇళ్లలోని పెళ్లిపెట్టెల మీద కూడా కనిపిస్తాయి. తన ఇంట చూస్తూ పెరిగిన బొమ్మనే పనివాడు తుపాకి మీదికి తెచ్చాడన్నమాట. మీరు తీసుకోవలసింది ఆ పద్ధతినే తప్ప ఆ బొమ్మలను కాదు.

1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన నరసింహారెడ్డి అనుచరుని చేతిలో వత్తితో అంటించే నాటు తుపాకి ఉండటమే సహజం. అటువంటి తుపాకులలో గొట్టాన్ని కర్రకు తోలు పట్టెలతోనో లోహపు తీగతోనో బిగించి కట్టేవారు. ఆ చుట్లే మొదటి అలంకారం; ఇత్తడి తీగతో వాటిని శ్రద్ధగా చుట్టిస్తే సగం పని అయినట్లే. తుపాకి మడమ (కర్ర వెనుక చివరి భాగం) మీద మాత్రం మన పాత ఇళ్ల ద్వారబంధాల మీద కనిపించే తామర, చిలుక, లత వంటివి లోతు తక్కువగా చెక్కించండి. మీ ఊళ్లో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే పనివారికి సన్నని చెక్కడం చేతిలో ఉన్న విద్యే. అయితే కర్ర అంతా నింపించకండి. బంటు తుపాకి జమీందారు తుపాకి కాదు.

రంగుకు ఎనామిల్ డబ్బా తెరవకుండా, శ్రీకాళహస్తి కలంకారీ వారి నలుపును ఆశ్రయించండి. చెక్కిన చోట కరక్కాయ కషాయం పూసి ఆరనిచ్చి, ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరబెట్టి తీసిన కసిమిని దాని మీద పూస్తే, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి నలుపు తేలుతుంది. (ఆ కుండను పెరట్లోనే ఉంచండి, ఇంట్లోవారు ఆ వాసన భరించలేరు.) టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక ముందు ఒక తునక మీద పరీక్షించడం మంచిది. నలుపు ఆరాక అవిసె నూనెను పలుచగా పట్టించండి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది, పరచి ఆరబెట్టాలి.

గొట్టాన్ని కూడా కర్రతోనే చేయించి అదే నలుపు వేయించండి. నిజంగా పేలే తుపాకి అయితే, ఎంత పాత తరహాదైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి.