తీసేశారని తగువుకు దిగకు

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

వికీపీడియాలో అరసవల్లి గుడి గురించి నువ్వు రాసిన రెండు పేరాలు ఎవరో తీసేశారని, మళ్లీ పెడితే మళ్లీ తీసేశారని నీ మెసేజ్ చదివాను. "ఉన్నదున్నట్టు రాస్తే కాపీ అంటున్నారు, సొంతంగా రాస్తే మూలం ఏదంటున్నారు, ఇంకెలా రాయాలి మామయ్యా" అన్నావు. ముందు ఆ మళ్లీ మళ్లీ పెట్టడం ఆపు. పంతానికి పోతే, నీ మాట సరైనదైనా సరే, బ్లాక్ చేసేది నిన్నే.

ఆ రెండూ వేరువేరు తగాదాలమ్మా. జరిగిన సంగతి ఎవరి సొత్తూ కాదు. దాన్ని చెప్పిన వాక్యాలు మాత్రం రాసినవాళ్లవి. నువ్వేమో గుడి దగ్గర కొన్న పుస్తకంలోంచి "భక్తుల పాలిటి కల్పవృక్షమైన ఆ ప్రత్యక్ష నారాయణుని దివ్యమంగళ విగ్రహాన్ని సాక్షాత్తూ దేవేంద్రుడే ప్రతిష్ఠించాడు" అని మొత్తం దించేసి, కింద పుస్తకం పేరు వేశావు. పేరు వేసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. వికీలో ఉన్నదాన్ని, పేరు చెప్పి అవే షరతులకు లోబడి, ఎవరైనా తీసుకుని అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. ఇంకొకరి వాక్యాల మీద అలాంటి హక్కు నువ్వెలా ఇస్తావు? మాటలు అటూ ఇటూ మార్చినా గొడవ తీరదు. పుస్తకం మూసేసి రాయి: "స్థలపురాణం ప్రకారం ఈ విగ్రహాన్ని ఇంద్రుడు ప్రతిష్ఠించాడు." అంతే. కింద పుస్తకం పేరు, పేజీ నంబరు ఇవ్వు. భక్తి నీకుంటే చాలు, వ్యాసానికి అక్కర్లేదు.

ఇంద్రుడి కథకు ఆ పుస్తకం సరిపోతుంది గానీ, గుడి ఏ కాలం నాటిదో చెప్పడానికి చాలదు. దానికి శాసనాల సంపుటాలో, జిల్లా వివరాలతో ప్రభుత్వం అచ్చేసే గెజెటీరో తిరగెయ్యాలి. వెబ్‌సైట్లో కనిపించిందని సంబరపడకు, తేదీ చూడు. వికీ నుంచి ఎత్తిరాసిన వార్తనే తిరిగి వికీకి మూలంగా తగిలించే ఘనులున్నారు. పేజీ చరిత్ర తెరిస్తే ఏ వాక్యం ఏ రోజు చేరిందో కనిపిస్తుంది. రేపు ఎవరైనా నీదే కాపీ అని తప్పుగా అన్నా, నిన్ను కాపాడేవి ఆ తేదీలే.

పాత పుస్తకాలు వికీలో ఎక్కించొచ్చా అని అడిగావు. మన కాపీరైట్ చట్టంలో హక్కులకు రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. 1915లో పోయిన గురజాడ, 1940లో పోయిన గిడుగు బతికుండగా అచ్చయినవి నిక్షేపంగా పుస్తకాల పూర్తి పాఠాలు దాచే వికీసోర్స్‌లో పెట్టుకోవచ్చు. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) పోయింది 2021లో. ఆయన కథల మీద హక్కులు 2081 చివరిదాకా ఉంటాయి. ఆయన పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయంలో పుస్తకం చేతికిచ్చారు కదా అని ఫోన్‌తో స్కాన్ చేసి ఎక్కించేవు, జాగ్రత్త. ఫోటోలు కూడా నువ్వు తీసినవే వికీ ఫోటోల భాండారమైన కామన్స్‌లో పెట్టు, గూగుల్‌లో దొరికినవి వద్దు.

ఇప్పుడు ఆ వ్యాసం చర్చాపేజీలో "మీరెవరు తీసెయ్యడానికి" అని నువ్వు రాసిన ముక్క వదిలేసి ఇలా రాయి: "తొలగించిన భాగాన్ని నా వాక్యాల్లో తిరగరాశాను, మూలం పేజీతో సహా ఇచ్చాను, చూసి చెప్పండి." రెండు మూడు రోజులు ఆగు. జవాబు రాకపోతే వికీలో రాసేవాళ్లంతా మాట్లాడుకునే రచ్చబండ పేజీలో అడుగు. అక్కడ రాసేవాళ్లూ నీలాగే జీతం భత్యం లేకుండా తీరిక చేసుకుని వచ్చేవాళ్లే.

నా దగ్గరున్నది ఆ పుస్తకం పాత ముద్రణ, పేజీలు నీదాంతో కలవకపోవచ్చు. నీదాని అట్ట వెనక పేజీ ఫోటో తీసి పంపు, ఏ ముద్రణో చూసి చెప్తాను.

మీ మామయ్య