మునిసిపాలిటీలో పాత సేఫ్టీ పాలసీని మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదివానండి. మీది ఉత్తరాంధ్రలో ఒక మునిసిపాలిటీ, ఎప్పుడో రాసిన సేఫ్టీ పాలసీ ఫైల్లో ఉంది, కొత్తగా వచ్చిన కమిషనర్ గారు దాన్ని అప్‌డేట్ చేసి తెమ్మన్నారు, అందుకని మంచి నమూనా ఏదైనా ఉంటే పంపమంటున్నారు. నమూనా దొరకడం కష్టం కాదు, కానీ దయచేసి దానితో మొదలుపెట్టకండి. నేను విశాఖలో ఒక కర్మాగారం సేఫ్టీ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. తర్వాత నగరానికి దగ్గర్లో ఉన్న ఒక పట్టణ సంస్థ, పేరు చెప్పను, ఇలాగే పాలసీ మార్చుకుంటుంటే బయటి సభ్యుడిగా ఆ కమిటీలో కూర్చున్నాను. అక్కడ చూసిందే చెబుతాను.

వాళ్ల పాత పాలసీ ఎవరో ఒక ఫ్యాక్టరీది తెచ్చి పేరు మార్చి పెట్టింది. అందులో షాప్‌ఫ్లోర్ ఉంది, క్రేన్ ఆపరేటర్ ఉన్నాడు, మ్యాన్‌హోల్ మాత్రం లేదు. గెడ్డలో, అంటే ఊళ్లో పారే పెద్ద కాలువలో, పూడిక తీసేవాళ్లు లేరు, తెల్లారకముందే రోడ్డు ఊడ్చేవాళ్లు లేరు, వీధి దీపం కోసం స్తంభం ఎక్కేవాళ్లు, దోమల మందు కొట్టేవాళ్లు, కుక్కల్ని పట్టేవాళ్లు ఎవరూ లేరు. ఆఫీసు బిల్డింగులో మంటలార్పే సిలిండర్ల గురించి మాత్రం ఒక పేజీ నిండా ఉంది. సిలిండర్లు అక్కర్లేదని కాదు, కానీ మునిసిపాలిటీలో మనుషులు చచ్చిపోయేది ఆఫీసు గదుల్లో కాదు కదా.

అందుకే ముందు మస్టర్, అంటే కార్మికుల హాజరు, పడే చోటుకి వెళ్లండి, అది కూడా చెప్పకుండా, తెల్లవారుజామున. మేస్త్రి పేర్లు పిలిచేటప్పుడు పక్కన నిలబడి వాళ్ల చేతులు, కాళ్లు చూడండి. మేం వెళ్లిన చోట స్టోర్ రిజిస్టర్ ప్రకారం అందరికీ గ్లవ్స్, బూట్లు ఇచ్చేశారు, సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి. మస్టర్ దగ్గర చూస్తే ఆడవాళ్లంతా హవాయి చెప్పుల్లో ఉన్నారు. ఎందుకమ్మా అంటే, వచ్చిన బూట్లన్నీ మగవాళ్ల సైజులే, వేసుకుని నడిస్తే పడిపోతున్నారు. ఒకావిడ గ్లవ్స్ తీసి చూపించింది, వేళ్ల కొసలు కత్తెరతో కత్తిరించి ఉన్నాయి. "అలాగే వేసుకుంటే చీపురు నిలవదు బాబూ, జారిపోతాది" అంది. మన సముద్రపు ఉక్కపోతలో మందపాటి రబ్బరు గ్లవ్స్ లోపల చెయ్యి చెమటతో నానిపోతుంది, పట్టు దొరకదు. వాళ్లు నిర్లక్ష్యంగా ఉన్నారని పాలసీలో 'పీపీఈ (రక్షణ సామగ్రి) ధరించని వారిపై చర్య తీసుకోబడును' అని రాస్తే అంతకన్నా అన్యాయం ఇంకోటి ఉండదు. అక్కడ మేం రాయించింది ఏంటంటే, కొనేముందు ఆ పని చేసేవాళ్లకి రెండు మూడు రకాలు ఇచ్చి వారం వాడించాలి, వాళ్లు ఒప్పుకున్న రకమే కొనాలి, సైజుల జాబితా ఇండెంట్‌తో, అంటే సామగ్రి కావాలని పెట్టే కోరిక పత్రంతో, పాటు జత చేయాలి. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016లోనే యూనిఫాం, రేడియం జాకెట్, గ్లవ్స్, రెయిన్‌కోటు, సరైన చెప్పులు, మాస్కు ఇవ్వాలని రాశారు, ఇవ్వాలా వద్దా అనే చర్చే అనవసరం. ఇచ్చింది పనికొస్తోందా లేదా అన్నదే మీరు చూడాల్సింది.

ఇక అసలు విషయం. మీ పాలసీ మొదటి వాక్యంలో 'మా ఉద్యోగులు' అని ఉంటే అక్కడే ఆగి మార్చండి. ప్రమాదం ఉన్న పనుల్లో ఎక్కువ భాగం చేసేది ఔట్‌సోర్సింగ్ వాళ్లు, కాంట్రాక్టర్ మనుషులు, రోజుకూలీకి పిలిపించుకునేవాళ్లు. ఏదైనా జరిగితే "అతను మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి" అనే మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. చట్టం అలా అనడం లేదు. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషులతో మలం ఎత్తించడం) నిషేధ చట్టం ఏడో సెక్షన్‌లో స్థానిక సంస్థ అని ప్రత్యేకంగా పేర్కొని మరీ, నేరుగా గానీ పరోక్షంగా గానీ ఎవరినీ ప్రమాదకరమైన పద్ధతిలో మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి పెట్టకూడదని ఉంది. మొదటిసారి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మురుగు కాలువలో చనిపోయినవారి కుటుంబానికి పరిహారం 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలని చెప్పింది, 2023 అక్టోబరు తీర్పులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ అంకెలు మీ కమిటీ మీటింగులో చదివి వినిపించండి, అకౌంట్స్ వాళ్లు కూడా తలెత్తి వింటారు. అలాగే 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రతా కోడ్ 2020 అమల్లోకి వచ్చింది కాబట్టి, పాత పాలసీలో కాంట్రాక్ట్ లేబర్ చట్టం 1970 పేరుతో ఉన్న పేరాలన్నీ కొత్త కోడ్ ప్రకారం సరిచూసుకోవాలి, ఆ పని మాత్రం మీ లీగల్ వాళ్లతో చేయించండి.

మ్యాన్‌హోల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చావులు జరిగేది అక్కడే. మేం చూసిన చోట గ్యాస్ డిటెక్టర్ ఉంది. అట్టపెట్టెలోంచి బయటికి తీయలేదు, పైన ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు, కాలిబ్రేషన్ (రీడింగ్ సరిగ్గా ఉందో లేదో చేసే పరీక్ష) స్టిక్కర్ మీద గడువు ఎప్పుడో దాటిపోయింది. అడిగితే "వాసన చూసి చెప్పేస్తారండి, అనుభవం ఉన్నవాళ్లు" అన్నారు. ఇది నన్ను ఇప్పటికీ భయపెట్టే మాట. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, అంటే ప్రమాదం పెరిగిన చోటే వాసన పోయింది కదా అని ధైర్యంగా దిగుతారు. పైగా అది గాలికన్నా బరువు, అడుగున ఉంటుంది. అందుకే మూత తీసి గాలి ఆడనిచ్చాక కూడా డిటెక్టర్‌ని తాడు కట్టి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం దాటినా, మండే గ్యాస్ దాని కనిష్ఠ పేలుడు పరిమితిలో 10 శాతం దాటినా ఎవరూ దిగకూడదు. ముందు జెట్టింగ్ మిషన్‌తో (నీళ్లు ఒత్తిడితో కొట్టి కాలువ శుభ్రం చేసే యంత్రంతో) అయ్యే పని మిషన్‌తోనే చేయాలి, మనిషి దిగడం అన్నది మామూలు పద్ధతిగా పాలసీలో కనిపించనే కూడదు. తప్పనిసరై దిగాల్సి వస్తే రాతపూర్వక పర్మిట్, పైన మనిషిని పైకి లాగే ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు), ఒంటికి ఫుల్‌బాడీ హార్నెస్ (పట్టీల బెల్టు), పైనుంచి కళ్లార్పకుండా చూసే మనిషి. ఇంకో మాట, లోపల పడిపోయినవాణ్ణి కాపాడాలని ఇంకొకడు ఏమీ లేకుండా దూకేస్తాడు, అలా రెండో ప్రాణం, మూడో ప్రాణం కూడా పోతుంది. ఆ దూకొద్దన్న వాక్యం పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఇవన్నీ రాశాక ఒక్కటే ప్రశ్న వేసుకోండి: పని ఆపమని చెప్పే అధికారం ఎవరికి ఉంది? మా కమిటీలో ఎక్కువ వాదన జరిగింది దీనిమీదే. ఇంజినీరింగ్ వాళ్లు ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్‌కి) ఉంటే చాలన్నారు. ఏఈ గారు అక్కడ ఉండరు కదండీ. నా అభిప్రాయం అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే, గొయ్యి అంచున నిలబడిన మనిషికి ఆ అధికారం ఉండాలి, అతను కాంట్రాక్టర్ మనిషైనా సరే, ఆపినందుకు ఆ రోజు కూలి కోయకూడదని కూడా రాయాలి. కూలి మాట రాయకపోతే ఎవరూ ఆపరు. వీధి దీపాల వాళ్లకీ అంతే, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు తీసేశామన్న అనుమతి) చేతికి రాకుండా స్తంభం ఎక్కమని ఫోన్‌లో ఒత్తిడి చేస్తే ఎక్కనని చెప్పే హక్కు ఉండాలి.

విశాఖ చుట్టుపక్కల ఊళ్లకి ఇంకోటి ప్రత్యేకంగా చేర్చాలి. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది తెల్లవారుజామున, 12 మంది చనిపోయారు. పారిశుద్ధ్య కార్మికులు రోడ్డెక్కే సమయానికి ముందే జరిగింది. అలాంటిది ఇంకో గంట ఆలస్యంగా జరిగితే ఆ వీధుల్లో చీపుళ్లతో ఎవరుంటారో ఆలోచించండి. మీ పరిధిలో ప్రమాదకర రసాయనాల పరిశ్రమ ఉంటే దాని ఆఫ్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్ (ప్రమాదం ఫ్యాక్టరీ గోడ దాటితే ఏం చేయాలన్న ప్రణాళిక) జిల్లా యంత్రాంగం దగ్గర ఉంటుంది, అందులో మీ సిబ్బంది గురించి ఏం రాశారో అడిగి తెచ్చుకోండి. సైరన్ మోగితే మేస్త్రి ఎవరికి ఫోన్ చేయాలి, గాలి ఎటు వీస్తుంటే ఎటు నడవాలి, ఇది పాలసీకి అనుబంధంగా ఒక పేజీ. తుఫాను తర్వాత పనులకి కూడా విడిగా ఉండాలి, 2014లో హుద్‌హుద్ తర్వాత చెట్లూ కరెంటు తీగలూ కలిసి రోడ్ల నిండా ఎలా పడి ఉన్నాయో చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఎండల సంగతి చిన్నదే, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పని వేళలు మార్చడం, మస్టర్ దగ్గర నీళ్లు, మజ్జిగ. ఆడవాళ్లకి పని జరిగే చోటికి దగ్గర్లో మరుగుదొడ్డి ఎక్కడుందో వార్డువారీగా రాయించండి. అది లేక నీళ్లు తాగకుండా పని చేస్తున్నారు, ఎండదెబ్బకి అదొక పెద్ద కారణం.

కమిటీలో సగం మంది పనిచేసేవాళ్లు ఉండేలా చూడండి, వాళ్లలో ఊడ్చే ఆడవాళ్లూ ఉండాలి. చిత్తుప్రతిని తెలుగులో రాసి మస్టర్ దగ్గర పైకి చదివించండి, చదువు రానివాళ్లు కూడా విని అభ్యంతరం చెప్పగలిగేలా. కమిషనర్ సంతకంతో వదిలేయకుండా కౌన్సిల్ తీర్మానం చేయించండి, ఎందుకంటే కమిషనర్లు బదిలీ అవుతారు, సర్క్యులర్ వాళ్లతోనే వెళ్లిపోతుంది. బడ్జెట్‌లో సేఫ్టీకి విడిగా ఒక పద్దు ఉండాలి. టెండర్లో రక్షణ సామగ్రి ఖర్చును రేటులో కలపకుండా వేరే లైనుగా పెట్టండి, కలిపితే తక్కువ కోట్ చేయడానికి ముందు కోసేది దాన్నే. సామగ్రి అందిందని మేస్త్రి కాదు, కార్మికులు చెప్పాకే ఆ బిల్లు పాస్ అవ్వాలి.

మీ పారిశుద్ధ్య కాంట్రాక్ట్ ఎప్పుడు ముగుస్తుందో రేపే కనుక్కోండి. రెండు మూడు నెలల్లోనే అయితే పాలసీ సంగతి కాస్త పక్కన పెట్టి ముందు ఆ టెండరు షరతుల చిత్తు రాసుకోండి, లేకపోతే కాంట్రాక్టు కాలమంతా పాత షరతులతోనే నడుస్తుంది. చిత్తు ఇక్కడ పెడితే చూసి చెబుతాను.