తాతగారి రీలు బిగుసుకుపోతే

మీ తాతగారి చేపల గాలపు రీలు, మిచెల్ 300, పిడి తిరగడం లేదన్నారు కదా, చెడిపోయిందనుకోకండి. ఏళ్ల తరబడి వాడకపోతే లోపలి గ్రీజు ముదురు పాకంలా గట్టిపడుతుంది. బలవంతంగా తిప్పితే మాత్రం లోపలి చక్రాల పళ్లు విరుగుతాయి. పక్క మూత విప్పగానే, ఏదీ కదపకముందే ఫొటో తీసుకోండి (నేను తీయలేదు, ఒక వాషరు ఎక్కడిదో తెలియక రెండు రాత్రులు దాని ముందే కూర్చున్నాను). పళ్లచక్రాలను కిరోసిన్‌లో గంటసేపు నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది, బాగా ఆరనివ్వండి. పళ్లకు పలుచగా కొత్త గ్రీజు, ఇరుసుకు రెండు చుక్కల కుట్టుమిషను నూనె చాలు. ఫ్రాన్సులో గడియారాల పనికి పేరుపడ్డ క్లూజ్‌లో పుట్టిన రీలు అది, తేలిగ్గా లొంగదు. నల్లరంగు అరిగిందని మళ్లీ రంగు వేయకండి. అక్కడ అరిగింది తాతగారి వేళ్లకే.