పిల్లలకి చదువు చెప్తే మనకేమొస్తుంది?

ప్రశ్న: మేడమ్, ఈమధ్యే రిటైర్ అయ్యాను, సాయంత్రాలు ఖాళీ. పిల్లలకి ఫ్రీగా చదువు చెప్పాలనుంది, ఇంట్లోవాళ్ళేమో దానివల్ల నీకేంటి లాభం అంటున్నారు. నిజంగా ఏమైనా ఉంటుందా అండి?

జవాబు: ఎందుకుండదండీ, బోలెడుంటుంది! ముందు మన చదువే మళ్ళీ మొదలవుతుంది. 1/3 పెద్దదా 1/4 పెద్దదా అని అడిగి చూడండి, చాలామంది పిల్లలు 1/4 అంటారు, 3 కన్నా 4 పెద్దది కదా మరి. తప్పు అనేసి ఊరుకుంటే అక్కడితో అయిపోతుంది, అదే ఒకే సైజు కాగితాలు రెండిచ్చి ఒకదాన్ని మూడు సమాన భాగాలు, ఇంకోదాన్ని నాలుగు చేయమంటే, ముక్కలు పక్కపక్కన పెట్టి చూసుకుని "ఓహ్, ఎక్కువమందికి పంచితే తక్కువొస్తుంది" అని వాళ్ళే కనిపెట్టేస్తారు, అప్పుడు ఆ మొహంలో వెలుగు చూడాలండీ, నాకైతే ఉద్యోగంలో ఏనాడూ అంత తృప్తి దొరకలేదు. ఓపిక కూడా పెరుగుతుంది, అదే విషయాన్ని ఇంకోరకంగా ఎలా చెప్పాలా అని రాత్రి పడుకున్నా బుర్ర పనిచేస్తూనే ఉంటుంది.

మార్కులు వెంటనే పెరగాలని మాత్రం పెట్టుకోకండి. స్కూల్లోనో లైబ్రరీలోనో నలుగురి మధ్య చెప్పండి, వారానికి రెండురోజులైనా సరే కానీ వస్తానన్న రోజు తప్పకుండా వెళ్ళండి, పిల్లలు ఎదురుచూస్తుంటారు.